టులెట్ పిన్ని నిజం చెప్పి ఇప్పించిన ఇల్లు

మా పేటలో అద్దెకు ఇల్లు కావాలంటే ఎవరైనా ముందు టులెట్ పిన్నిని వెతుక్కోవలసిందే. ఇంటికి వెళితే ఆమె దొరకదు. కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు పొద్దుటినుంచీ వీధులు తిరుగుతూ ఉండేది. పొట్టి మనిషి. చేతిలో తాళాల గుత్తి, చంకలో గొడుగు, నోటినిండా మాటలు.

ఆమె భర్త ఇళ్ళకు రంగులు వేసేవాడు. మధ్యాహ్నం అతనికి అన్నం పట్టుకెళ్ళినప్పుడల్లా ఏ ఇంటికి కొత్తగా సున్నం పడుతోందో, ఏ వాటా ఖాళీ అయిందో ఆమె కంటపడేది. అతను పరంజా మీదనుంచి జారిపడి పోయాక, చంటిపిల్లతో మిగిలిన ఆ మనిషికి చేతిలో ఉన్న ఆస్తి ఆ కబుర్లే. ఫలానా మేడమీద వాటా ఖాళీగా ఉందని ఒకరి చెవిన వేసింది. వాళ్ళు చేరారు, ఆమె చేతిలో ఎంతో కొంత పెట్టారు. అలా బ్రోకరైంది. కూతుర్ని చదివించి, పెళ్ళి చేసి పంపింది ఆ సంపాదనతోనే.

నోరు చాలా గడుసుది. గోడ చెమ్మగా ఉంటే "ఎండాకాలం చల్లగా ఉంటుంది" అనేది. గది మరీ ఇరుకైతే "ఊడ్చుకోవడం సులువు" అనేది. వంటింటికి కిటికీ లేకపోతే "ఈగల బాధ లేదు" అని తేల్చేసేది. ఇదంతా అబద్ధం కాదా పిన్నీ అని ఎవరైనా నిలదీస్తే, అబద్ధం కాదు, అద్దె మాట అని నవ్వేది.

ఒకరోజు ప్రభుత్వాసుపత్రి నర్సు ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. మానసిక జబ్బులకు వైద్యం చేసే విభాగంలో పనిచేసే అమ్మాయి. పెళ్ళైన కొత్తలో ఆ నర్సుకు ఇల్లు చూసిపెట్టింది పిన్నే. ఈసారి ఇల్లు తనకోసం కాదని, బస్టాండులో బతుకుతున్న ఒక కుటుంబానికని చెప్పింది. మొదటి కొన్నాళ్ళూ అద్దె ఒక సేవాసంస్థ కడుతుందట. పిన్ని పెదవి విరిచింది.

"బస్టాండులో ఉన్నవాళ్ళకి ఇల్లు ఎవరిస్తారే?"

"నేనడిగితే ఇవ్వరు. అందుకేగా నీ దగ్గరికొచ్చాను," అంది నర్సు.

పొగడ్తకు పడిపోయే మనిషి కాదు పిన్ని. కానీ చూడకుండా కాదనడం ఆమెకు అలవాటు లేదు, ఇల్లైనా సరే, మనిషైనా సరే. గొడుగు చంకన పెట్టుకుని నర్సు వెంట నడిచింది.

ఆ కుటుంబంలో ముగ్గురు. భర్త టైలరు. కుట్టుమిషను ఎప్పుడో చేజారిపోయింది. బస్టాండు మెట్లమీద కూర్చుని ప్రయాణికుల సంచుల జిప్పులు, తెగిన పట్టీలు చేతిసూదితో కుడుతున్నాడు. కూతురు టిక్కెట్ల కిటికీ కింద అరుగుమీద పుస్తకం తెరుచుకుని కూర్చుంది. తల్లి ఒక స్తంభానికి వీపు ఆనించి, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని ఉంది. చెవులకు గుడ్డ చుట్టుకుంది.

దారిలోనే నర్సు వాళ్ళ సంగతి చెప్పింది. ఆ తల్లికి ఎవరూ లేనప్పుడు కూడా మాటలు వినిపిస్తాయి. ఆమెను తిడతాయి, బెదిరిస్తాయి. జబ్బు మొదలైన రోజుల్లో భయంతో కేకలు పెట్టేది. ఒక ఇంటివాళ్ళు వెళ్ళగొట్టారు, ఆ తరవాత ఇంకొకరు. ఇల్లు మారినప్పుడల్లా టైలరుకు గిరాకీ పోయింది. చివరికి మిగిలింది బస్టాండు. ఇప్పుడు మందులు పనిచేస్తున్నాయి, కానీ నిద్ర లేదు. నిద్ర లేకపోతే ఏ మందూ పూర్తిగా పనిచేయదు. ఆశ్రయ గృహాల్లో చేర్చుకుంటారుగాని ఆడవాళ్ళొకచోట, మగవాళ్ళొకచోట, పిల్ల మరోచోట. ముగ్గురూ విడిపోవడం ఇష్టంలేక అక్కడే ఉండిపోయారు.

పిన్ని ఆమె పక్కనే చతికిలబడింది. అప్పుడే పైనున్న మైకు ఏదో బస్సు బయలుదేరుతోందని గట్టిగా చెప్పింది. ఆ తల్లి ఉలిక్కిపడి భర్త వైపు చూసింది. అతను సూది ఆపి, తలెత్తి, మైకేనన్నట్టు తలాడించాడు. ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది. కాసేపటికి మళ్ళీ మైకు, మళ్ళీ ఉలికిపాటు, మళ్ళీ అతను తలాడించడం. వినిపించేది మైకు మాటో, తన తలలోని మాటో తేల్చుకోవడానికే ఆమె రోజంతా అలిసిపోతోందని పిన్నికి అర్థమైంది. అంతవరకూ ఊరకే చూసి పోదామనుకున్న మనిషి అక్కడే మనసు మార్చుకుంది.

వెంటనే అలవాటుకొద్దీ మొదలుపెట్టింది. తన ఎరికలో మంచి వాటా ఒకటుందని, గాలీ వెలుతురూ దండిగా వస్తాయని, చీమ చిటుక్కుమన్నా వినపడనంత ప్రశాంతంగా ఉంటుందని చెప్పుకుపోతుంటే, ఆ తల్లి చెవిగుడ్డ తీసి పిన్ని ముఖంలోకి చూసింది.

"పక్కింటివాళ్ళ మాటలు వినిపిస్తాయా పిన్నీ? వినిపిస్తే వినిపిస్తాయని ముందే చెప్పండి. మీరు లేవన్న చప్పుడు నాకు వినిపిస్తే, అది నా తలలోదే అనుకుంటాను. మళ్ళీ మొదటికొస్తుంది."

ఇన్నేళ్ళలో పిన్ని అద్దె మాటకు అడ్డుకట్ట వేసినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ సాయంత్రమే ఆ వాటాకు వెళ్ళి తలుపులు వేసుకుని, ఖాళీ గదిలో నేలమీద ఒక్కతే కూర్చుంది. జీవితంలో మొదటిసారి ఇంటిని కళ్ళతో కాక చెవులతో చూసింది. మేడమీద తొట్టి నిండితే గొట్టంలో గుడగుడ. పక్కవాటాలో దగ్గు. వీధిలో తలుపు పడితే కిటికీ అద్దం సన్నగా వణకడం. మర్నాడు బస్టాండుకు వెళ్ళి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఆ తల్లి శ్రద్ధగా విని, సరే వెళదామంది.

ఇంటిగురించి ఆ తల్లికి నిజం చెప్పింది కానీ, ఆ తల్లిగురించి ఇంటాయనకు చెప్పలేదు పిన్ని. నెమ్మదైన టైలరు, చిన్న కుటుంబం అని అద్దె మాట ఒకటి చెప్పి తాళాలు ఇప్పించింది. నెల తిరగకముందే ఇంటాయన కిటికీలో మందుల డబ్బాలు చూశాడు. ఆరా తీశాడు. ఆ సాయంత్రం ముగ్గురూ ఆసుపత్రినుంచి వచ్చేసరికి తలుపుకు కొత్త తాళం, గుమ్మంలో వాళ్ళ మూటలు ఉన్నాయి.

పిన్ని పరుగెత్తుకు వెళ్ళి బతిమాలింది, పోట్లాడింది. గోడకు చెప్పుకున్నట్టే అయింది. ఇల్లు ఇచ్చినందుకు కాదు, తన దగ్గర దాచినందుకే ఒళ్ళు మండుతోందని ఇంటాయన అన్నాడు. ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. మళ్ళీ బస్టాండు స్తంభం దగ్గరే ఆ తల్లి కూర్చుంటే, టైలరు పిన్నిని ఒక్క మాటా అనలేదు. టీ తెచ్చి చేతికిచ్చాడు. తిట్టినా బావుండేదని ఆమె తరవాత నర్సుతో చెప్పిందట.

అప్పటినుంచి పిన్ని ఎవరి దగ్గరా ఏదీ దాచలేదు. ఏ ఇంటికి వెళ్ళినా అరుగుమీద కూర్చోగానే అసలు సంగతే ముందు చెప్పేది. చేరబోయే ఇల్లాలికి ఫలానా జబ్బుంది, మందులు వాడుతోంది, ఒక్కోసారి భయపడుతుంది, ఎవరినీ కొట్టదు, ఏదైనా అయితే నాకు కబురు పెట్టండి, నేనొస్తాను, నర్సు వస్తుంది. వినేవాళ్ళు సగంలోనే నీళ్ళు నమలడం మొదలుపెట్టేవారు. ఒకాయనకు హఠాత్తుగా ఊరినుంచి బంధువులు వస్తున్నట్టు గుర్తొచ్చింది. ఒకావిడ ఇంటికి ఇంకా రంగులు వేయించాలంది. రంగు తడి ఆరకుండా గోడమీద మెరుస్తుంటే ఆ మాట అంది. పేటలో కొందరు ఆమెను పిచ్చివాళ్ళ బ్రోకరనడం మొదలుపెట్టారు. ఇంతకుముందు పిలిచి తాళాలిచ్చినవాళ్ళు ఆమె గొడుగు కనిపిస్తే లోపలికి తప్పుకుంటున్నారు. కూతురు ఫోన్లో గోల పెట్టింది, నీకెందుకమ్మా ఈ తలనొప్పి అని. "ఆపలేనే తల్లీ, పని మధ్యలో ఉంది," అంది పిన్ని.

చివరికి ఆమె దృష్టి లేత్ మామయ్య వెనకవాటా మీద పడింది.

లేత్ మామయ్యంటే వీధి చివర లేత్ షాపు నడిపే పెద్దాయన. ఇనప కడ్డీలను తిప్పి మరలు, బోల్టులు చెక్కుతాడు. ఏళ్ళ తరబడి ఆ రొదలో ఉండి చెవులు సగం పోయాయి. అందుకని తనూ అరిచే మాట్లాడతాడు. షాపు వెనక రెండు గదులు, చిన్న వంటిల్లు ఉన్నాయి. పగలంతా కీచుమనే ఆ మోతకు ఎవరూ నిలవక ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి. వాటిని అద్దెకు పెట్టడం పిన్నికి కూడా చేతకాలేదు. అంత గడుసు నోటికీ ఆ రొదకు సరిపడా అద్దె మాట దొరకలేదు.

ఆమె వెళ్ళి సంగతంతా చెప్పింది. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"కొడుతుందా?"

"కొట్టదు. ఒక్కోసారి అరుస్తుంది అన్నయ్యా. ఎక్కువసార్లు ఏడుస్తుంది."

"అరిస్తే నాకేమొచ్చె? నాకెక్కడ వినిపించి చచ్చింది కనుక," అన్నాడాయన. "అసలు సంగతి చూడు. ఈ మోతలో ఆవిడ ఉండగలదా? మామూలువాళ్ళే పారిపోయారు."

తనకూ అదే భయంగా ఉందని పిన్ని ఒప్పుకుంది. ఆవిణ్ణే తెచ్చి చూపిస్తానంది.

మర్నాడు ముగ్గురినీ వెంటపెట్టుకొచ్చింది. లేత్ నడుస్తోంది. ఆ తల్లి వెనకగదిలోకి వెళ్ళి మధ్యలో నిలబడింది. మోతకు కిటికీ రెక్కలు అదురుతున్నాయి. టైలరు ముఖం పాలిపోయింది. ఆ తల్లి మెల్లగా కిటికీ దగ్గరికి నడిచి బయటికి చూసింది. అక్కడినుంచి షాపు నేరుగా కనిపిస్తుంది. మామయ్య కడ్డీకి ఉలి ఆనిస్తే కీచుమంటోంది, తీస్తే ఆగుతోంది. మళ్ళీ ఆనించాడు, మళ్ళీ కీచుమంది. ఆమె చాలాసేపు అలా చూస్తూ నిలబడిపోయింది. తరవాత చెవులకున్న గుడ్డ విప్పి మడతపెట్టి చేత్తో పట్టుకుంది.

"ఈ చప్పుడు మంచిదే పిన్నీ," అంది. "ఎక్కణ్ణించి వస్తోందో కనిపిస్తోంది."

పిన్ని కళ్ళు తుడుచుకుని, గొడుగుతో గోడ తట్టి, ఇక్కడ చెమ్మ ఉంది, వానాకాలంలో కారుతుంది, వంటింటి కుళాయి తిప్పితే కొంచెం సతాయిస్తుంది, అన్నీ ముందే చెబుతున్నానంది. ఆమె అలా మాట్లాడటం ఎన్నడూ విననివాడు గనక మామయ్య పగలబడి నవ్వాడు. అదే రోజు చేరిపోయారు. సాయంకాలం లేత్ ఆగిపోగానే ఆ వెనకవాటా అంత నిశ్శబ్దమైన చోటు పేటలో మరొకటి లేదని అప్పుడు తెలిసింది. ఆ తల్లి తెల్లారి ఎండ గదిలోకి వచ్చేదాకా నిద్రపోయింది. టైలరు గుమ్మంలో కూర్చుని, ఆమె లేచేవరకు ఎవరినీ అటు రానివ్వలేదు.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. పాతసామాన్ల కొట్టులో తుప్పుపట్టి పడివున్న కుట్టుమిషను ఒకటి మామయ్య మోసుకొచ్చి, విరిగిన భాగాలు తనే చెక్కి బిగించి, నడిపించి చూపించాడు. టైలరు దానిమీద చెయ్యివేసి నిమిరి, ఒక గుడ్డముక్క సూదికింద పెట్టి కుట్టి చూశాడు. కూతురు బడిలో చేరింది. ఇంటి చిరునామా ఏమిటని అడిగితే గడగడా చెప్పేసి వచ్చానని తల్లికి గొప్పగా చెప్పుకుంది.

తరవాత ఊరంతా జ్వరాలు. ఆ తల్లికీ వచ్చింది. తిన్నది నిలవక, వేసుకున్న మందు కడుపులో ఉండక, రెండు మూడు రోజుల్లోనే మాటలు మళ్ళీ చుట్టుముట్టాయి. ఒక మధ్యాహ్నం వీధిలోకి వచ్చి ఎదురింటి ముందు నిలబడి, నా గురించి మాట్లాడటం ఆపండని కేకలు పెట్టింది. ఎదురింటి పెద్దావిడ హడలిపోయి తలుపులు వేసుకుంది. కూతురు పరుగున వెళ్ళి మామయ్యను చొక్కా పట్టి లాగింది. ఆయన పిన్నికి ఫోన్ చేశాడు. పిన్ని, ఆమె వెనకాలే నర్సు వచ్చేసరికి టైలరు భార్యను మెల్లగా లోపలికి తీసుకెళ్ళి కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఉన్నాడు.

వీధివాళ్ళు నలుగురూ లేత్ షాపులో పోగయ్యారు. ఆ రోజే ఖాళీ చేయించాలన్నారు. పిల్లలున్న వీధి అన్నారు. పిన్ని మీద విరుచుకుపడ్డారు. ఆమె జవాబు చెప్పబోతుంటే మామయ్య చెయ్యెత్తి ఆపాడు. లేత్ స్విచ్చి ఆపేశాడు. పనిరోజున అది ఆగడం ఎవరూ చూడలేదేమో, అందరూ వాళ్ళంతట వాళ్ళే నోళ్ళు మూశారు.

"మా అమ్మ ఈ గుమ్మంలో పడిపోతే ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది మీరే. అప్పుడెవరూ ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు. ఈమెకొచ్చిందీ జబ్బే," అన్నాడు. "వీళ్ళు ఎక్కడికీ వెళ్ళరు. మీకు భయమేస్తే నన్ను పిలవండి. వినపడకపోతే ఇంకాస్త గట్టిగా పిలవండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో ఉద్రేకం సగం దిగిపోయింది. పిన్ని అందుకుని, ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, ఎన్నాళ్ళలో తగ్గుతుందో తనకు తెలిసినంత చెప్పింది. తెలియనిది నర్సును అడిగి చెప్పించింది. ఆమె మాటల్లో ఒక్క అద్దె మాట లేదు.

డాక్టరు జ్వరానికి మందిచ్చి, మిగతా మందులు కొంచెం మార్చాడు. నర్సు రోజూ వచ్చి చూసింది. ఇంతకుముందు ఇలాంటిది వస్తే ఇల్లు పోయేది, పని పోయేది, కోలుకోవడానికి నెలలు పట్టేది. ఈసారి సొంత పక్కమీద, సొంత కిటికీ పక్కన, భర్తా కూతురూ కళ్ళెదుట ఉండగా, వారం తిరిగేసరికి తేరుకుంది. కబురు తెలిసి పిన్ని వీధిలోనే గొడుగు గాల్లో ఒక్క తిప్పు తిప్పింది.

లేచి తిరగగలిగిన రోజున ఆ తల్లి ఎవరూ చెప్పకుండానే ఎదురింటికి వెళ్ళి తలుపు తట్టింది. టైలరు వెంట వస్తానంటే వద్దంది. పెద్దావిడ తలుపు సగమే తెరిచింది.

"ఆ రోజు అరిచింది నేనేనండీ. జ్వరంలో మందులు ఒంటబట్టలేదు. మళ్ళీ నేనట్లా కనిపిస్తే భయపడకండి, మా ఆయన్ని పిలవండి. మిమ్మల్ని భయపెట్టానని చెప్పడానికొచ్చాను."

పెద్దావిడ ఆమెను కాసేపు ఎగాదిగా చూసి, తలుపు పూర్తిగా తీసి, లోపలికి రమ్మంది. వచ్చేటప్పుడు ఆమె చేతిలో కుట్టడానికి పెద్దావిడ ఇచ్చిన కిటికీ తెరల గుడ్డ ఉంది. ఆ వారంలోనే ఆ వరసలో ముగ్గురు నలుగురి ఇళ్ళ గుడ్డలు టైలరు మిషను దగ్గరికి చేరాయి.

పిన్ని పని ఇక ఆగలేదు. సేవాసంస్థవాళ్ళు ఆమెను జీతమిచ్చి పెట్టుకున్నారు. వీధుల్లో, స్టేషన్లలో, మూతపడిన కొట్ల పంచల్లో బతికే కుటుంబాల దగ్గరికి నర్సు వెళ్ళి కూర్చునేది. వాళ్ళ ఇంటి కోసం పిన్ని వేట మొదలుపెట్టేది. తమాషా ఏమిటంటే, ఆమె దాచదని తెలిసిన తరవాత ఇంటివాళ్ళే ఆమెను నమ్మడం మొదలుపెట్టారు. పిన్ని చెడు కూడా చెబుతుంది, కాబట్టి మంచి చెబితే అది మంచేననేవారు. గోడమీద రంగు తడి ఆరకముందే ఇంకా రంగులు వేయించాలని బొంకిన ఆవిడ కూడా కబురంపింది. ఏదో గొడవొస్తే పిన్ని చెప్పిన మాటకు కట్టుబడి పరుగెత్తుకొచ్చేది. ఒకచోట జబ్బుచేసిన కొడుకు కోసం, ఒకచోట తల్లి కోసం, ఒకచోట అన్నదమ్ములిద్దరి కోసం.

కానీ ఆమెను మించినవాళ్ళు తయారయ్యారు.

తండ్రికి జబ్బున్న ఒక కుటుంబానికి ఇల్లు అడగడానికి పిన్ని ఒక మేడ ఇంటాయన దగ్గరికి వెళ్ళింది. వెంట టైలరు భార్య ఉంది. ఈ మధ్య ఆమె పిన్నితోపాటు తిరుగుతోంది. ఖాళీ గదుల్లో కూర్చుని ఏ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో కొత్తగా చేరబోయేవాళ్ళకు చెబుతోంది. ఇంటాయన వాళ్ళిద్దరికీ ఇల్లంతా చూపించాడు. నీళ్ళ సంగతి, మెట్ల సంగతి టైలరు భార్యతోనే ఎక్కువ మాట్లాడాడు. ఆమె అడిగే తీరు ఆయనకు నచ్చింది. చివరికి అసలు సంగతి విని మాత్రం ముఖం ముడుచుకున్నాడు. అందరూ మంచివాళ్ళేనమ్మా, కానీ ఇలాంటి జబ్బున్నవాళ్ళు ఎలా ఉంటారో మనకేం తెలుస్తుంది అన్నాడు.

పిన్ని నోరు తెరవబోయింది. టైలరు భార్య ఆమె చేతిమీద చెయ్యి వేసింది.

"నాలా ఉంటారండి," అంది.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఆమె తన జబ్బేమిటో, ఏమవుతుందో, ఏం చేస్తే తగ్గుతుందో నెమ్మదిగా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు. కొన్ని ప్రశ్నలు అడిగాడు, తనకు తోచిన భయాలూ చెప్పాడు. అన్నిటికీ ఆమె దగ్గర జవాబులున్నాయి. లేనివాటికి తెలియదంది. ఆయన లోపలికి వెళ్ళి, తాళాలు తెచ్చి, పిన్ని చేతికి కాక ఆమె చేతికిచ్చాడు.

మెట్లు దిగి వీధిలోకి వచ్చాక పిన్ని ఆగి, నడుంమీద చెయ్యి పెట్టుకుని, "నా పొట్టకొట్టేట్టున్నావే," అంది. ఇద్దరూ గోడ పట్టుకుని కడుపుబ్బ నవ్వారు. దారినపోయేవాళ్ళు ఆగి చూశారు. వాళ్ళు పట్టించుకోలేదు.

మొన్న నర్సు మళ్ళీ వచ్చింది. చిన్నపిల్లలతో ఒక జంట పార్కులో ఉంటున్నారట. పిన్ని తలగోక్కుంది. పేటలో ఒక్క వాటా కూడా ఖాళీ లేదని, అన్నిట్లోనూ మనవాళ్ళే దీపాలు పెట్టుకుని ఉన్నారని చెప్పింది. చెబుతూనే గొడుగు అందుకుంది.

"పదవే, పక్కపేట చూద్దాం. అక్కడివాళ్ళకి నా సంగతి ఇంకా తెలీదు."